నల్ల పావులు.. మంత్రి త్యాగం.. 20 ఏళ్ల కుర్రాడు: పాల్ మోర్ఫీ గెలిచిందేంటి? పోగొట్టుకున్నదేంటి?

చెస్ బోర్డు మీద అన్నిటికంటే బలమైన పావు ఏది? మంత్రి. ఇప్పటి పిల్లలు క్వీన్ అంటారు. అది పోతే సగం ఆట పోయినట్టే అని చెస్ నేర్చుకున్న మొదటి రోజే చెబుతారు. అలాంటి మంత్రిని తీసుకెళ్లి ఓ బిషప్ కోసం ఇచ్చేశాడు ఒక 20 ఏళ్ల కుర్రాడు. ఏదో సరదా ఆటలో కాదు, టోర్నమెంట్ ఫైనల్లో. అదీ నల్ల పావులతో ఆడుతూ!

అది 1857 నవంబరు. ఊరు న్యూయార్క్. కుర్రాడి పేరు పాల్ మోర్ఫీ. మంత్రిని ఇచ్చేశాక ఇంకో 11 ఎత్తులకే ఎదుటి ఆటగాడు చేతులెత్తేశాడు. ఒకటిన్నర శతాబ్దం దాటిపోయింది. ఆ ఆటను చెస్ పుస్తకాల్లో ఇంకా అచ్చు వేస్తూనే ఉన్నారు.

అయితే మోర్ఫీ కథలో అసలు ట్విస్ట్ వేరే ఉంది. ఆ కుర్రాడికి చెస్ ప్లేయర్ అవ్వాలని లేదు. లాయర్ అవ్వాలని ఉంది. ఆ కోరిక తీరకుండా అడ్డుపడింది ఓటములు కాదు.. ఇలాంటి గెలుపులే.

జడ్జి గారింట్లో పుట్టాడు

మోర్ఫీ 1837 జూన్ 22న అమెరికాలోని న్యూ ఓర్లీన్స్‌లో పుట్టాడు. మిసిసిపీ నది పక్కన పెద్ద రేవు పట్నం అది. ఫ్రెంచ్, స్పానిష్, ఇంగ్లిష్ అన్నీ వినపడే ఊరు. పత్తి వ్యాపారానికి, బానిసల అమ్మకాలకు అప్పట్లో పెట్టింది పేరు. తండ్రి అలోంజో మోర్ఫీ పేరున్న లాయర్. తర్వాత లూసియానా సుప్రీంకోర్టు జడ్జి కూడా అయ్యాడు. తల్లిది ఫ్రెంచ్ మూలాలున్న కుటుంబం, ఇంట్లో ఎప్పుడూ సంగీతమే. ఆదివారం వచ్చిందంటే మగవాళ్లంతా చెస్ బోర్డు చుట్టూ చేరేవాళ్లు.

పాల్‌కి చెస్ ఎవరూ నేర్పలేదట. పెద్దవాళ్లు ఆడుతుంటే పక్కన నిలబడి చూశాడు, అంతే. ఒకసారి తండ్రి, బాబాయ్ ఎర్నెస్ట్ గంటల తరబడి ఆడి, ఇక ఎవరూ గెలవరని డ్రాకి ఒప్పుకుని లేచారట. పిల్లాడు పావులను వెనక్కి సర్ది, బాబాయ్ గెలవాల్సిన ఆట ఇది అని ఎత్తులు వేసి చూపించాడట. ఇది ఆ కుటుంబం చెప్పుకుంటూ వచ్చిన కథ. ఎంత నిజమో గానీ, ఆ తర్వాత జరిగినవి చూస్తే నమ్మాలనే అనిపిస్తుంది.

ఎందుకంటే 1846లో అమెరికా సైన్యాధిపతి విన్‌ఫీల్డ్ స్కాట్ మెక్సికో యుద్ధానికి వెళ్తూ న్యూ ఓర్లీన్స్‌లో ఆగాడు. ఆయనకి చెస్ అంటే పిచ్చి. ఊళ్లో మంచి ఆటగాడిని పిలవమంటే తొమ్మిదేళ్ల పాల్‌ని తెచ్చి కూర్చోబెట్టారు. జనరల్ గారు తనను ఎగతాళి చేస్తున్నారనుకున్నాడు. రెండు ఆటలు ఆడారు. రెండూ పిల్లాడే గెలిచాడు. 1850లో హంగరీకి చెందిన మాస్టర్ లోవెంతాల్ ఆ ఊరు వచ్చాడు. ఆయన యూరప్‌లో పేరున్న ప్రొఫెషనల్. 12 ఏళ్ల మోర్ఫీ చేతిలో ఆయనకీ ఓటమి తప్పలేదు.

ఇంత జరిగినా ఇంట్లో చెస్‌ని చదువుకి పోటీగా రానివ్వలేదు. పాల్‌ని అలబామా రాష్ట్రం మొబీల్ దగ్గరున్న స్ప్రింగ్ హిల్ కాలేజీలో చేర్చారు. అక్కడ ఉన్నన్నాళ్లూ చెస్ ఆడింది చాలా తక్కువ. ఆ తర్వాత సొంతూళ్లో లా చదివాడు. 1857 ఏప్రిల్‌లో డిగ్రీ చేతికొచ్చింది. లూసియానా సివిల్ కోడ్ మొత్తం కంఠతా వచ్చని చెప్పుకునేవాళ్లు.

కానీ ఒక చిక్కొచ్చింది. కోర్టులో వాదించాలంటే 21 ఏళ్లు నిండాలి. మోర్ఫీకి అప్పటికి 20 కూడా నిండలేదు. చేతిలో లా డిగ్రీ ఉంది, బుర్రలో లా పుస్తకం ఉంది, చేయడానికి పని మాత్రం లేదు. అంతకు కొన్ని నెలల ముందే, 1856 నవంబరులో, తండ్రి చనిపోయాడు. అలా ఖాళీగా ఉన్న టైమ్‌లోనే న్యూయార్క్ నుంచి కబురొచ్చింది. అమెరికాలో మొట్టమొదటి చెస్ కాంగ్రెస్ పెడుతున్నాం, రమ్మని. మొదట వద్దన్నాడు. తర్వాత వెళ్లాడు.

ఫైనల్లో ఎదురుగా ఎవరున్నారంటే..

పోటీలో 16 మంది ఆటగాళ్లు. ఓడితే ఇంటికే, నాకౌట్ పద్ధతి. మోర్ఫీ మొదటి మూడు రౌండ్లలో ఒక్క ఆట కూడా ఓడకుండా ఫైనల్‌కి వచ్చాడు. అటువైపు నుంచి వచ్చినవాడు లూయీ పాల్సన్. జర్మనీలో పుట్టి, సోదరుడి వెంట అమెరికాలోని అయోవా రాష్ట్రానికి వచ్చి స్థిరపడ్డ 24 ఏళ్ల యువకుడు. బోర్డు చూడకుండా ఒకేసారి చాలామందితో ఆడగలడు. ఆ రోజుల్లో జనం దాన్ని మ్యాజిక్‌లా చూసేవాళ్లు. డిఫెన్స్‌లో కూడా గట్టి మనిషి. తర్వాతి కాలంలో డిఫెన్స్ అనేది ఎలా చేయాలో ప్రపంచానికి నేర్పిన వాళ్లలో పాల్సన్ ఒకడు.

పాల్సన్‌తో ఆడాలంటే ఓపిక కావాలి. ఎందుకంటే అప్పటికి చెస్ గడియారాలు రాలేదు. ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. పాల్సన్ ఆ స్వేచ్ఛను పూర్తిగా వాడుకునేవాడు. ఒక్కో ఆట గంటల కొద్దీ సాగేది. మోర్ఫీ ఏమో చకచకా ఎత్తు వేసేసి చేతులు కట్టుకుని కూర్చునేవాడు. ఈ రోజు బ్లిట్జ్ చూసే మనకి ఆ సీన్ ఊహించుకోవడమే కష్టం.

ఆ ఫైనల్లో ఆరో ఆట. మొదటి ఎత్తు పాల్సన్‌ది, అంటే మోర్ఫీవి నల్ల పావులు. ఇక్కడ ఒక చిన్న మాట. తెల్ల పావులే ముందు కదలాలన్న రూల్ అప్పటికి అన్నిచోట్లా గట్టిపడలేదు. అందుకే నల్ల పావులు అంటే రెండో ఎత్తు వేసేవాడు అని అర్థం చేసుకుంటే సరిపోతుంది. ముందు కదిలేవాడికి ఎప్పుడూ కాస్త మొగ్గు ఉంటుంది. ఈ రోజుకీ పెద్ద టోర్నీల్లో మన కోనేరు హంపి, అర్జున్ ఎరిగైసి లాంటి వాళ్లు బలమైన ప్రత్యర్థి మీద నల్ల పావులతో డ్రా చేస్తే మంచి ఫలితమనే అంటారు. మోర్ఫీ డ్రా కోసం ఆడలేదు.

ఫోన్‌లో చెస్ యాప్ ఉంటే పాల్సన్, మోర్ఫీ, 1857 అని వెతకండి, ఈ ఆట దొరుకుతుంది. ఎత్తులు వేసుకుంటూ చదివితే మజా వేరు. యాప్ లేకపోయినా ఫర్వాలేదు, కథలా చెప్తా. పావుల పేర్ల దగ్గర మాత్రం ఒక ఇబ్బంది. మంత్రి, ఏనుగు, గుర్రం, బంటు అందరికీ తెలుసు. బిషప్‌ని కొందరు ఒంటె అంటారు, కొందరు శకటు అంటారు. గొడవెందుకని బిషప్ అనే రాస్తున్నా.

12వ ఎత్తు దగ్గర పాల్సన్ ఒక చిన్న పొరపాటు చేశాడు. మంత్రి ముందున్న బంటును నేరుగా ముందుకు తోస్తే సరిపోయే చోట, ముందు దానికి ఆసరాగా పక్క బంటును జరిపాడు. తర్వాతి ఎత్తులో తోద్దాంలే అనుకున్నాడు. ఆ తర్వాతి ఎత్తు అనేదే లేకుండా చేశాడు మోర్ఫీ. తన మంత్రిని తీసుకెళ్లి సరిగ్గా ఆ బంటు ముందు, డి3 గడిలో పెట్టాడు. గుమ్మానికి అడ్డంగా మంచం వేసినట్టు! ఆ బంటు కదిలితే గానీ పాల్సన్ బిషప్ బయటికి రాలేదు, బిషప్ వస్తే గానీ ఆ వైపు ఏనుగుకి దారి లేదు. ఇప్పుడు లోపలివన్నీ లోపలే ఉండిపోయాయి.

పాల్సన్ బోర్డు ఎడమ చివర నుంచి దారి చేసుకోవాలని చూశాడు. అటు బంట్లు తోశాడు, మంత్రిని అటు పంపాడు, ఏనుగును ఒక్క గడి పైకి జరిపాడు. ఈలోగా మోర్ఫీ చేసింది చాలా సింపుల్. ఒక్కో పావును తెచ్చి రాజుకి ఎదురుగా నిలబెట్టడం. రెండు ఏనుగులూ వచ్చాయి, రెండు బిషప్‌లూ వచ్చాయి. పాల్సన్ రాజు చుట్టూ మాత్రం కాపలా పల్చగా ఉంది. అతని మంత్రి ఎక్కడో బోర్డు అవతలి అంచున ఉంది.

ఒక దశలో మోర్ఫీ మంత్రిని ఇచ్చి వెంటనే చెక్‌మేట్ చేసే ప్రమాదం ఉందని పాల్సన్ పసిగట్టాడు. అందుకే 17వ ఎత్తులో తన మంత్రిని ఎ6 గడికి తెచ్చి మోర్ఫీ మంత్రి మీదికి గురిపెట్టాడు. మంత్రికి మంత్రి మార్చుకుంటావా, లేక అక్కడి నుంచి తప్పుకుంటావా? ఏది చేసినా పాల్సన్‌కి ఊపిరాడుతుంది. ఎవరైనా అక్కడ ఈ రెండు దారులే చూస్తారు.

మోర్ఫీ దాదాపు 12 నిమిషాలు ఆలోచించాడని చెబుతారు. పాల్సన్‌కైతే అది లెక్కలోకే రాదు గానీ మోర్ఫీకి చాలా ఎక్కువ. ఆ తర్వాత మంత్రిని తీసి, ఎఫ్3 గడిలో ఉన్న బిషప్‌ని కొట్టాడు. అక్కడ బంటు కాపలా ఉంది. అంటే మంత్రి పోతుంది, ఖాయంగా పోతుంది.

చూసేవాళ్లకి మతిపోయి ఉంటుంది. పాల్సన్‌కి అనుమానం వచ్చింది. ఈ కుర్రాడు ఊరికే ఇవ్వడు, ఎక్కడో ఉచ్చు ఉంది. చాలాసేపు చూశాడు. గంటకు పైగా చూశాడనే మాట కూడా ఉంది. చివరికి తీసుకున్నాడు. తీసుకోకపోయినా ఒక బిషప్ తక్కువతో నెట్టుకురావాలి కదా, మరి ఏం చేస్తాడు?

బంటు మంత్రిని కొట్టడంతో రాజు ముందు తలుపు బార్లా తెరుచుకుంది. మోర్ఫీ ఏనుగు జి6కి వచ్చి చెక్ ఇచ్చింది. రాజు మూలకి జరిగాడు. ఒక బిషప్ హెచ్3 మీద వాలింది. రెండో బిషప్ దూరం నుంచి రాజు పక్క గడులను కాపు కాస్తోంది. ఇంకో ఏనుగు నిలువు వరుసను పట్టుకుని ఉంది. నాలుగు నల్ల పావులు, మధ్యలో ఒంటరి రాజు. పాల్సన్ దగ్గర మంత్రి ఉంది, రెండు ఏనుగులు ఉన్నాయి, బిషప్ ఉంది. లెక్కలో చాలా ముందున్నాడు. కానీ అవేవీ రాజు దగ్గరికి టైమ్‌కి రాలేవు.

ఆ తర్వాత చెక్ మీద చెక్. బిషప్ అటు వెళ్తుంది, ఇటు వస్తుంది, రాజు మూడు గడుల మధ్య తిరుగుతాడు. చివరికి మేట్ తప్పించుకోవడానికి పాల్సన్ తన మంత్రినే తెచ్చి అడ్డం పెట్టాల్సి వచ్చింది. మోర్ఫీ దాన్ని బిషప్‌తో కొట్టాడు. ఇచ్చిన మంత్రికి మంత్రి తిరిగొచ్చింది. 28వ ఎత్తు తర్వాత పాల్సన్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఇందులో ఒక విషయం నాకు మళ్లీ మళ్లీ చూడాలనిపిస్తుంది. 12వ ఎత్తులో తోయాల్సిన ఆ బంటును పాల్సన్ చివరికి తోశాడు. ఎప్పుడో తెలుసా? 28వ ఎత్తులో. ఆటలో అదే అతని ఆఖరి ఎత్తు. దాని వెనకున్న బిషప్ ఆట మొత్తంలో ఒక్కసారి కూడా కదల్లేదు. మొదలుపెట్టినప్పుడు ఎక్కడ ఉందో, ఓడిపోయినప్పుడూ అక్కడే ఉంది.

మోర్ఫీ ఆడింది అంతా పర్ఫెక్ట్ అని కూడా కాదు. 22వ ఎత్తులో చెక్ ఇవ్వకుండా ఏనుగును జి2 గడిలో పెట్టి ఉంటే ఆట ఇంకా ముందే అయిపోయేదని తర్వాతి తరం విశ్లేషకులు తేల్చారు. ఇప్పుడైతే ఫోన్‌లో ఇంజిన్ ఒక్క సెకనులో చూపిస్తుంది. కానీ మంత్రిని ఇచ్చేయాలన్న ఆలోచన వచ్చింది మాత్రం ఆ హాల్లో, ఆ రోజు, ఆ ఒక్క బుర్రలోనే.

ఫైనల్‌ని మోర్ఫీ ఐదు గెలుపులు, ఒక ఓటమి, రెండు డ్రాలతో ముగించాడు. మొదటి బహుమతి డబ్బు. అది వద్దన్నాడు. బదులుగా వెండి పళ్లెం, కూజా, గ్లాసులు ఇచ్చారు. డబ్బెందుకు వద్దన్నాడు? డబ్బు తీసుకుంటే ప్రొఫెషనల్ అయిపోతాడు. ఆ కాలంలో, ఆ కుటుంబంలో, పందెం డబ్బుల కోసం చెస్ ఆడేవాడు అనిపించుకోవడం చిన్నతనం. రేపు కోర్టులో నల్లకోటు వేసుకోవాల్సినవాడు మరి.

21 నిండేసరికి లండన్‌లో ఉన్నాడు

ఇక్కడే కథ మలుపు తిరిగింది. 1858 జూన్ 22న మోర్ఫీకి 21 నిండాయి. ప్రాక్టీసు పెట్టుకోవడానికి ఇక ఏ అడ్డూ లేదు. కానీ ఆ రోజుకి మోర్ఫీ న్యూ ఓర్లీన్స్‌లో లేడు. అప్పుడే ఓడ దిగి ఇంగ్లండ్‌లో ఉన్నాడు, చెస్ కోసం.

వెళ్లింది హోవర్డ్ స్టాంటన్‌తో ఆడాలని. అప్పటి ఇంగ్లండ్ చెస్‌లో స్టాంటన్ మాటే మాట. ఆయన ఆడతానన్నట్టే ఉండేవాడు, తేదీ మాత్రం పడేది కాదు. షేక్‌స్పియర్ నాటకాల సంపుటం పని మీద ఉన్నానని ఒకసారి, ఇంకో కారణం ఇంకోసారి. ఆ పని నిజమే, ఆయన షేక్‌స్పియర్ పండితుడు కూడా. కానీ అదే ఏడాది టోర్నమెంట్ ఆడటానికి టైమ్ దొరికింది కదా అని మోర్ఫీ తరఫువాళ్లు అడిగారు. చివరికి ఆ మ్యాచ్ జరగనే లేదు. మోర్ఫీ మనసుకి ఇది బాగా తగిలింది. మాట మీద నిలబడటం అంటే ఆ ఇంట్లో ప్రాణంతో సమానం మరి.

మిగతావాళ్లు మాత్రం తప్పించుకోలేదు. చిన్నప్పుడు ఓడించిన లోవెంతాల్‌నే లండన్‌లో మళ్లీ ఓడించాడు. ఈసారి వంద పౌండ్ల పందెం. గెలిచిన డబ్బు ఏం చేశాడంటే.. దానికి ఇంకొంత కలిపి లోవెంతాల్ కొత్త ఇంటికి ఫర్నిచర్ కొనిచ్చాడు! ప్యారిస్‌లో హార్విట్జ్‌తో మొదటి రెండు ఆటలు ఓడి, తర్వాత ఐదు గెలిచాడు. అక్కడి కేఫ్ ద లా రెజాన్స్‌లో బోర్డులకు వీపు తిప్పి కూర్చుని ఒకేసారి ఎనిమిది మందితో ఆడాడు. పది గంటలు. ఆరు గెలుపులు, రెండు డ్రాలు. చుట్టూ జనం ఊగిపోయారు. అదే ప్యారిస్‌లో ఒపెరా నడుస్తుండగా బాక్సులో కూర్చుని ఓ డ్యూక్, ఓ కౌంట్ ఇద్దరూ కలిసి ఆడితే 17 ఎత్తుల్లో ముగించాడు. అక్కడా మంత్రినే ఇచ్చాడు. కాకపోతే ఆ రోజు తెల్ల పావులు. చెస్ నేర్చుకునే పిల్లలకి ఇప్పటికీ మొదట చూపించే ఆటల్లో ఇదొకటి.

1858 డిసెంబరులో జర్మనీ నుంచి అడాల్ఫ్ ఆండర్సన్ వచ్చాడు. లెక్కల మాస్టారు. 1851 లండన్ టోర్నమెంట్ గెలిచిన మనిషి. యూరప్‌లో ఆయన్ని మించినవాడు లేడనే పేరు. సెలవుల్లో ప్యారిస్ వచ్చి ఆడి వెళ్లాలి. మోర్ఫీ ఏమో కడుపు జబ్బుతో మంచం పట్టాడు. అప్పటి వైద్యం అంటే జలగలు పెట్టి రక్తం తీయడమే. బాగా నీరసించిపోయాడు. హోటల్ గదిలోనే ఆడారు. ఏడు గెలుపులు, రెండు ఓటములు, రెండు డ్రాలు. గెలిచింది మోర్ఫీ. ఆండర్సన్ ఓటమికి సాకులు చెప్పలేదు, తనకంటే బలమైనవాడని ఒప్పుకున్నాడు. అందుకే ఆయనంటే చెస్ లోకానికి గౌరవం.

అధికారిక వరల్డ్ ఛాంపియన్ అనే పదవి అప్పటికి లేదు, అది 1886లో వచ్చింది. కానీ 21 ఏళ్లకే ప్రపంచంలో నంబర్ వన్ ఎవరన్నదానిపై ఎవరికీ సందేహం లేకుండా పోయింది.

సన్మానాలు.. ఆ తర్వాత సైలెన్స్

1859 మేలో మోర్ఫీ అమెరికాకి తిరిగొచ్చాడు. ఒక ఆటలో అమెరికన్ వెళ్లి యూరప్‌ని ఓడించి రావడం అప్పటికి కొత్త. జనం ఊరుకుంటారా? న్యూయార్క్‌లో పెద్ద సభ పెట్టి, వెండి బంగారాలతో చేసిన పావుల సెట్ ఇచ్చారు. గడియారం ఇచ్చారు. బోస్టన్ విందుకి కవి లాంగ్‌ఫెలో లాంటి వాళ్లు వచ్చారు. ఆ సభల్లో మోర్ఫీ మాట్లాడిన తీరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చెస్ అనేది ఒక మంచి కాలక్షేపం మాత్రమేననీ, జీవితంలో చేయాల్సిన అసలు పనుల్ని పక్కనపెట్టి దాని వెంట పడకూడదనీ చెప్పాడు. సన్మానం చేసేది చెస్ ఆడినందుకు, సన్మానం అందుకునేవాడేమో చెస్ అంత పెద్ద విషయం కాదంటున్నాడు!

ఆ తర్వాత ఇంకో ప్రకటన. ఇకపై ఎవరితో ఆడినా ఒక బంటు తక్కువతో, మొదటి ఎత్తు కూడా వాళ్లకే ఇచ్చి ఆడతానన్నాడు. గర్వమా అంటే కొంత ఉండొచ్చు. ముందుకొచ్చినవాడు మాత్రం లేడు. న్యూయార్క్ లెడ్జర్ అనే పత్రికలో కొన్నాళ్లు చెస్ కాలమ్ రాశాడు. అంతే, పోటీ చెస్ అక్కడితో ఆగిపోయింది. లెక్క చూస్తే అంతర్జాతీయ వేదిక మీద మోర్ఫీ ఉన్నది రెండేళ్లు కూడా కాదు.

సరే, ఇప్పుడైనా లాయర్ అయ్యాడా? 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. లూసియానా దక్షిణాది వైపు వెళ్లింది. 1862లో ఉత్తరాది సైన్యం న్యూ ఓర్లీన్స్‌ని పట్టుకుంది. మోర్ఫీ క్యూబా మీదుగా ప్యారిస్ వెళ్లి అక్కడ కుటుంబంతో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి ఊరు మారిపోయింది. ఆఫీసు తెరిచాడు. జనం వచ్చారు కూడా. కానీ కేసులు పట్టుకుని కాదు. ఆండర్సన్‌తో ఆ ఆటలో ఆ ఎత్తు ఎందుకు వేశారండీ అని అడగడానికి వచ్చారు.

తండ్రి సుప్రీంకోర్టు జడ్జి, తనకి చట్టం నోటికి వచ్చు, మంచి వక్త. కానీ ఊరికి అతను చెస్ మోర్ఫీయే. ఆస్తి తగాదాని చెస్ ఆటగాడి చేతిలో ఎవరు పెడతారు? ప్రాక్టీసు నిలబడలేదు. రానురాను చెస్ అన్న మాట ఎత్తితేనే చిరాకు పడేవాడు. 1867లో ప్యారిస్‌లో పెద్ద చెస్ టోర్నీ జరుగుతోంది, మోర్ఫీ అదే ఊళ్లో ఉన్నాడు. అటువైపు తొంగి కూడా చూడలేదు.

1870ల్లో మనసు కూడా దెబ్బతింది. తండ్రి ఆస్తి విషయంలో బావ తనను మోసం చేశాడని గట్టిగా నమ్మి, కోర్టుల చుట్టూ తిరిగాడు. తన అన్నంలో విషం కలుపుతున్నారనే భయంతో తల్లి గానీ చెల్లి గానీ వండితేనే తినేవాడు. ఇప్పుడైతే మంచి డాక్టర్‌కి చూపించి, మందులు వాడేవాళ్లేమో. అప్పుడు ఆ సౌకర్యం ఎక్కడిది? కుటుంబం ఓసారి మానసిక రోగుల ఆశ్రమానికి తీసుకెళ్లింది. అక్కడ మోర్ఫీ తన హక్కుల గురించి, చట్టం గురించి ఎంత చక్కగా వాదించాడంటే.. వాళ్లు చేర్చుకోలేక తిప్పి పంపేశారు. ఒక రకంగా మోర్ఫీ గెలిచిన కేసు అదే.

ఇంతా చదివి చెస్సే మోర్ఫీకి పిచ్చెక్కించిందని అనేసుకోవద్దు. అప్పటి నుంచీ చాలామంది అదే రాశారు. కానీ జబ్బు ముదిరేనాటికి మోర్ఫీ పోటీ చెస్ మానేసి పదేళ్లు దాటింది. తండ్రి పోయాడు, యుద్ధం వచ్చింది, ఊరు పడిపోయింది, ఉద్యోగం లేదు. ఇవన్నీ పక్కనపెట్టి ఒక్క చెస్ మీదికి నెట్టేయడం సులువు.

1883లో విల్హెల్మ్ స్టైనిట్జ్ న్యూ ఓర్లీన్స్ వచ్చాడు. మూడేళ్ల తర్వాత మొదటి అధికారిక వరల్డ్ ఛాంపియన్ కాబోయే మనిషి. మోర్ఫీని కలవాలని చాలా ప్రయత్నించాడు. చివరికి వీధిలో కొన్ని నిమిషాలు కలిశారు, చెస్ గురించి మాట్లాడకూడదన్న షరతు మీద. ఆ కాలపు ఇద్దరు గొప్ప ఆటగాళ్లు ఎదురెదురుగా నిలబడి, చెస్ తప్ప ఇంకేదో మాట్లాడుకుని విడిపోయారు.

1884 జూలై 10. ఎండ మండిపోతున్న మధ్యాహ్నం. రోజూ లాగే మోర్ఫీ ఊళ్లో నడిచి ఇంటికొచ్చాడు. ఒళ్లు చల్లబడాలని చన్నీళ్ల స్నానానికి వెళ్లాడు. ఎంతసేపటికీ రాలేదు. తలుపు తీసి చూస్తే తొట్టెలోనే ప్రాణం పోయి ఉంది. మెదడులో రక్తం పేరుకుపోయిందని అప్పటి వైద్యులు భావించారు. వయసు 47. ఊళ్లోనే, సెయింట్ లూయీ శ్మశానంలో, కుటుంబ సమాధిలో పెట్టారు.

ఆటలోంచి తప్పుకుని పాతికేళ్లయిన మనిషి గురించి మరుసటి రోజు నుంచీ పత్రికలు రాశాయి. అందరూ రాసింది చెస్ గురించే. తర్వాతి కాలంలో బాబీ ఫిషర్ లాంటి వాడు కూడా మోర్ఫీ ఆటలు కూర్చుని చదివి, చరిత్రలో అత్యంత గొప్పవాళ్లలో ఒకడని లెక్కేశాడు. పాల్సన్ మాత్రం జర్మనీ తిరిగెళ్లిపోయాడు, ఇంకో ముప్పై ఏళ్లకు పైగా బతికాడు, చాలాకాలం పెద్ద టోర్నమెంట్లు ఆడాడు. తర్వాత ఆండర్సన్‌నీ ఓడించాడు.

మోర్ఫీ చనిపోయిన ఇల్లు న్యూ ఓర్లీన్స్‌లో రాయల్ స్ట్రీట్ మీద ఇంకా ఉంది. గులాబీ రంగు గోడలు. ఇప్పుడది ఊళ్లో పేరున్న రెస్టారెంట్, పొద్దున్నే టిఫిన్‌కి జనం టేబుల్ కోసం వెయిట్ చేస్తుంటారు.